ఆ అంకె ట్యాంకులో ఎక్కడిది?

 

ఈ రోజు పట్టాలు అందుకున్న మీలో చాలామంది రేపు మన విశాఖలోని స్టీల్‌ ప్లాంటులోనో, పోర్టులోనో, రిఫైనరీలోనో కంట్రోల్‌ రూముల్లో పనిచేస్తారు. కొందరు హైదరాబాదులో కూర్చునే ఇక్కడి వాల్వు తిప్పుతారు. అందుకే మన ఊళ్లోని ఒక ట్యాంకు గురించి మాట్లాడాలనిపించింది.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్‌ ఎం6 ట్యాంకు నుంచి స్టైరీన్‌ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. లాక్‌డౌన్‌తో ఫ్యాక్టరీ ఆగింది గానీ ట్యాంకులో సరుకు అలాగే ఉంది. స్టైరీన్‌ నిలవ ఉంటే తనంతట తానే పాలిమర్‌గా మారుతూ వేడి పుట్టిస్తుంది. ఆ వేడికి మార్పు ఇంకా జోరందుకుంటుంది. ప్రభుత్వం వేసిన హైపవర్‌ కమిటీ తేల్చినవాటిలో ఒకటి నన్ను ఇప్పటికీ వదలదు. ఉష్ణోగ్రత కొలిచింది ట్యాంకు అడుగున మాత్రమే. మధ్యలో లేదు, పైన లేదు. పైపొరలు కాగిపోతున్నా అడుగున అంకె చల్లగానే ఉంటుంది. ఆ అంకెను ఫైబర్‌ కేబుల్‌లో సియోల్‌లోని మాతృసంస్థ దాకా పంపినా అక్కడి తెర మీదా ఆ చల్లదనమే కనిపించేది. నెట్‌వర్కు దూరాన్ని తగ్గిస్తుంది, లేని సెన్సర్‌ను పుట్టించదు.

ఇంకొకటి చెప్పడానికే బాధగా ఉంది. ఫ్యాక్టరీలో సైరన్‌ మోగించే చోట్లు 36 ఉండేవి. ఆ రాత్రి సైరన్‌ మోగలేదు.

తెరను కావాలనే మోసం చేసేవాళ్లూ ఉన్నారు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్‌ అనే హానికర కంప్యూటర్‌ ప్రోగ్రామ్‌, ఇరాన్‌లోని నతాంజ్‌ అణుకేంద్రంలో సెంట్రిఫ్యూజుల వేగం మార్చేస్తూ ఆపరేటర్లకు అంతా మామూలుగానే ఉన్నట్టు చూపించింది. కాబట్టి రీడింగులు బయటికి వెళ్లే దారిలో ఆదేశాలు లోపలికి రానివ్వకండి. ప్రమాదంలో ప్లాంటును ఆపే వ్యవస్థను విడిగా ఉంచండి, నెట్‌వర్కు తెగినా అది పనిచేయాలి. ఖర్చెక్కువని మీ పైవాళ్లు అంటారు. అయినా పట్టుబట్టండి.

ఉద్యోగంలో చేరగానే హెల్మెట్‌ పెట్టుకుని ట్యాంకు మెట్లెక్కండి. మీ తెర మీది ప్రతి అంకె ఏ మూల నుంచి వస్తోందో అక్కడి ఆపరేటర్‌ అన్నను అడగండి, ఆయనకు తెలుస్తుంది. తర్వాత ప్రహరీ దాటి పక్క ఊళ్లోకి వెళ్లండి. సైరన్‌ మోగితే ఎటు పరుగెత్తాలో ఆ ఇళ్లవాళ్లకు ఎవరైనా చెప్పారేమో కనుక్కోండి. చెప్పకపోతే మీరే చెప్పండి.