పరీక్షామందిరమున వ్రాయసకాడు



ఈ సాయంకాలము మీకు నేనొక చిన్న పనిని గూర్చి చెప్పదలచితిని. పని చిన్నదే గాని, అది చెడినయెడల ఒక బాలుని సంవత్సరమంతయు చెడును. అట్లు చెడుట ఒకమారు నా చేతిమీదుగానే జరిగినది. కావున ఈ ప్రసంగము చేయుటకు నాకు అర్హత కలదో లేదో మీరే నిర్ణయింపవచ్చును.

వ్రాయసకాడను మాట మీకు క్రొత్త కాదు. రాజుల కొలువులలో ప్రభువు పలుకగా వ్రాయుట అతని వృత్తి. శ్రీకృష్ణదేవరాయల నాటి రాయసము కొండమరుసయ్య పేరు మీలో చరిత్ర చదివినవారు వినియే యుందురు. ఆ పేరునకు ముందు నిలిచిన రాయసము ఈ ఉద్యోగమే. ఇక వ్యాసభగవానుడు చెప్పగా విఘ్నేశ్వరుడు భారతము వ్రాసెనను కథ ఎల్లరెరిగినదే. గంటము ఆపనని ఒకరు, అర్థము తెలియనిదే వ్రాయరాదని మరియొకరు నియమములు పెట్టుకొనిరి. మా కళాశాల విద్యార్థులు నేడు చేయుచున్న వ్రాయసము ఇందుకు తలక్రిందులైనది. వీరు అర్థము తెలిసినను తెలియనట్లే వ్రాయవలెను. చూపులేని విద్యార్థి పరీక్షలో నోటితో చెప్పినదానిని, తప్పైనను ఒప్పైనను, చెప్పినది చెప్పినట్లు కాగితముపై పెట్టుటయే వీరి ధర్మము.

ఇది ఎట్లు ప్రారంభమైనదో మనవి చేసెదను. నేను పనిచేయు కళాశాలలో జాతీయ సేవా పథకపు శాఖ యొకటి కలదు. గాంధీ మహాత్ముని శతజయంతి సందర్భమున, 1969 సెప్టెంబరు 24వ తేదీన, నాటి కేంద్ర విద్యామంత్రి డాక్టరు వి.కె.ఆర్.వి. రావుగారు ఈ పథకమును 37 విశ్వవిద్యాలయములలో ప్రారంభించిరి. ఇందు చేరిన విద్యార్థి రెండు సంవత్సరములలో 240 గంటలు సేవ చేయవలెను. అదిగాక ఏడు దినములు ఒక గ్రామమున శిబిరమునందుండవలెను. నిజము చెప్పవలెనన్న, మా శాఖలో ఆ 240 గంటలలో చాల భాగము చీపురు పట్టుటకును, మొక్కలు నాటి మరునాడు మరచుటకును, ఫోటోలు తీయించుకొనుటకును పోవుచుండెను. ఆ శాఖకు అధికారిని నేనే గనుక ఈ మాట అనుటకు నాకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

ఒకనాడు బి.ఏ. మూడవ సంవత్సరము చదువుచున్న అంధ విద్యార్థి యొకడు గోడ తడవుకొనుచు నా గదికి వచ్చెను. మెట్టప్రాంతపు రైతుబిడ్డ. "అయ్యా, పరీక్షలు ఇరువది దినములున్నవి. నాకు వ్రాసిపెట్టువారు దొరకలేదు. పోయిన ఏడు వ్రాసిన తమ్ముడు ఊరు మారిపోయినాడు" అనెను. నూరుగురు సేవకులు గల శాఖ నాది. ఆ బాలుడు మూడేండ్లుగా మా వసారాలోనే నడచుచుండెను. నీకేమి కావలెనని వానిని అడుగవలెనని మాలో ఒక్కరికిని తోచలేదు.

నలుగురు విద్యార్థులు ముందుకు వచ్చిరి. చక్కని చేతివ్రాత యున్న చాలునని మేమందరము తలచితిమి. పని మొదలిడిన పిదపగాని దాని కష్టము తెలియలేదు. వ్రాయసకాడు పరీక్షార్థికంటె ఒక మెట్టు తక్కువ చదివినవాడై యుండవలెనని కేంద్ర ప్రభుత్వము 2018లో వెలువరించిన మార్గదర్శక సూత్రములు చెప్పినవి. అధికముగా చదివినవాడు తన తెలివి కలిపివ్రాయునని భయము. చెప్పి వ్రాయించుటలో జాప్యము తప్పదు గనుక గంటకు 20 నిమిషములకు తగ్గకుండ అదనపు కాలము ఇయ్యవలెనని కూడ వానిలో నున్నది. అనగా మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు. ఆ యదనపు గంట దయాభిక్షమని కొందరనుకొందురు. పదినిమిషములు కన్నులు మూసికొని, ఒక ప్రశ్నాపత్రమును మీ మనుమనిచేత చదివించుకొని చూడుడు. నాలుగవ ప్రశ్న వచ్చునప్పటికి మొదటిది మరచియుందురు.

సాయంకాలములు పాత ప్రశ్నాపత్రములతో అభ్యాసము సాగించిరి. మొదటి వారమంతయు తగవులే. చెప్పువాని నాలుకకు వ్రాయువాని కలము అందదు. వాక్యమును నడుమ నిలిపి, "తరువాత ఏమన్నావు?" అని యడుగగా చెప్పువాని తలపు తెగిపోవును. ఒక విద్యార్థిని, తెలివిగల పిల్ల, అతడు చెప్పిన యొక సంవత్సరము తప్పని గ్రహించి నిశ్శబ్దముగా దిద్ది వ్రాసెను. తిరిగి చదివించుకొన్నప్పుడు ఆ సంగతి అతనికి తెలిసినది. అతడు సంతోషించునని ఆమె యనుకొన్నది. అతడు మొగము ముడుచుకొని, "నా తప్పు నాకుండనీ చెల్లీ. నీ మార్కులు నాకెందుకు?" అనెను. ఆమె ఆ రాత్రి భోజనము చేయలేదని తోడి పిల్లలు చెప్పిరి. కాని మరునాటి నుండి అంతకంటె నమ్మకమైన వ్రాయసకత్తె మాకు లేకపోయెను.

ఇక నా తప్పు వినుడు. చరిత్ర పరీక్షనాడు వ్రాయవలసిన విద్యార్థి రాలేదు. మేనమామగారి యింట శుభకార్యమునకు వెళ్లుచు, తనకు బదులు మరియొకడు పోవునని నమ్మినాడు. ఆ మరియొకనికి ఈ సంగతి తెలియనే తెలియదు. పట్టికలో ఒక్కొక్క పరీక్షకు ఒక్కొక్క పేరే వ్రాసియుంచినవాడను నేను. ఆ యుదయమున వేరొక కేంద్రమున పర్యవేక్షణకు పోయి, నియమము ప్రకారము ఫోను బయట అప్పగించి కూర్చుంటిని. ఆ బాలుడు ఎనిమిదిన్నరకే వచ్చి, తొమ్మిదికి తన స్థలమున కూర్చుండి, తెల్లకాగితముపై చేయి వేసి వేచియుండెను. వారు ప్రక్క జూనియరు కళాశాలనుండి ఒక పిల్లవానిని పిలిపించి, అనుమతి పత్రము పూర్తిచేయించి కూర్చుండబెట్టునప్పటికి గంటన్నర గడచినది. పదకొండు మార్కులు తక్కువై పరీక్ష తప్పినాడు. నేను క్షమాపణ చెప్పుకొనబోగా, "పోనీండయ్యా. ప్రశ్నలు మాత్రము మంచివి వచ్చినవి, అన్నియు నాకు వచ్చినవే" అనెను. వాడు నన్ను తిట్టియున్న నాకు కొంత సుఖముగా నుండెడిది.

నాటినుండి ఒక్కొక్క పరీక్షకు ఇద్దరి పేర్లు, ముందురోజు రాత్రి ఇద్దరికిని ఫోను, ఉదయము ఇద్దరును ద్వారముకడ హాజరు. రెండవవాడు అక్కరలేక తిరిగిపోయినను ఆ గంటలు సేవలో లెక్కింపబడును. ఇంతకంటె ఘనమైన సంస్కరణమేదియు మేము చేయలేదు.

ఆ యేడే మా పిల్లలలో కొందరు బ్రెయిలు లిపి నేర్చుకొనిరి. దీని కథ మీరు వినదగినది. ఫ్రాన్సు దేశమున పారిసునకు చేరువనున్న కూవ్రే గ్రామమున 1809 జనవరి 4వ తేదీన లూయీ బ్రెయిల్ జన్మించెను. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల వయసున తండ్రి పనిముట్లతో ఆడుకొనుచుండగా ఆర కంటికి తగిలెను. ఆ పుండు రెండవ కంటికిని ప్రాకి చూపంతయు పోయినది. బార్బియే అను నతడు పండ్రెండు చుక్కలతో కల్పించిన లిపిని ఈ బాలుడు పారిసు అంధపాఠశాలలో తెలిసికొనెను. పండ్రెండు చుక్కలు వ్రేలికొన క్రింద ఒక్కమారుగా అందవు. అతడు వానిని ఆరింటికి తగ్గించి, 1824లో, పదునైదేండ్ల ప్రాయమున, క్రొత్త లిపిని కూర్చెను. ఆరు చుక్కలను మార్చి మార్చి పెట్టగా 63 రూపములు వచ్చును. ఏ ఆర కన్ను పొడిచినదో, అటువంటి ముల్లుతోనే నేటికిని ఈ యక్షరములు పొడువబడుచున్నవి.

మన దేశభాషలన్నిటికి ఉమ్మడిగా భారతి బ్రెయిలు 1951లో ఏర్పడెను. అందు తెలుగు 'క'కును హిందీ 'క'కును చుక్కలు ఒక్కటే. మన గుణింతపు సుడులు, కొమ్ములు అందులేవు. 'కి' వ్రాయవలెనన్న 'క' తరువాత 'ఇ' యను అక్షరమునే పెట్టుదురు. పలకలో కాగితము బిగించి వెనుకనుండి ముల్లుతో పొడుచుదురు గనుక కుడినుండి యెడమకు వ్రాసి, కాగితము త్రిప్పి, యెడమనుండి కుడికి చదువవలెను. మా పిల్లలు కంటితో చదువ నేర్చిరి గాని, వ్రేలితో చదువుట వారికి సాధ్యము కాలేదు. ఆ అంధ విద్యార్థి వారి పుటలపై చేయి నడపి, ఒక్కొక్క తప్పును చెప్పుచు నవ్వుచుండెను. గురుశిష్యులు తారుమారైనందుకు అందరికంటె అతడే ఎక్కువ సంతోషించెను.

మరుసటి యేట శిబిరమునకు ఒక పల్లెకు పోయితిమి. ఇంటింటి లెక్కలు వ్రాయు విద్యార్థికి ఒక పెద్దాయన తమ యింట ఐదుగురమని చెప్పెను. ఎండలో బోర్లించిన కంచములు ఆరు. పిల్లవాడు గడుసువాడు. "తాతగారూ, ఆరవ కంచమెవరిది?" అని యడిగెను. పెద్దాయన కొంతసేపు ఊరకుండి, "మా మనుమరాలిది బాబూ. ఆ పిల్ల లెక్కలోనిది కాదు" అనెను.

పదునారేండ్ల పిల్ల, బుద్ధి ఎదుగుదల మందగించినది. ఈ మాట చెప్పి పెద్దాయనను నిందించుట నా యుద్దేశము కాదు. దినమును ఆమెకు అన్నము కలిపి తినిపించునది ఆయనయే. తల్లిదండ్రులు కూలికి పోవుదురు. చెల్లెలికి పెండ్లియీడు వచ్చుచున్నదనియు, అక్క సంగతి తెలిసిన సంబంధములు వెనుకకు పోవుననియు ఆయన భయము. ఆ భయము కల్ల యని నేననలేను. సంబంధములు చూచువారు మీరే, అట్టి మాటలు ఆడువారెవరో మీకు తెలియును.

ఒక విద్యార్థి యుత్సాహము పట్టలేక, ఏడాదిలో ఆ పిల్ల చదువుట వ్రాయుట నేర్చునని ఆ యింట వాగ్దానము చేసివచ్చెను. వానిని నేను గట్టిగా మందలించితిని. తీర్చలేని ఆశ పెట్టుటకంటె ఊరకుండుట మేలు. మేము చేసినది ఇంతియే. మండలమునందలి భవిత కేంద్రపు ఉపాధ్యాయురాలిని ఇంటికి పిలుచుకొని వచ్చితిమి. సదరం శిబిరమున పరీక్ష చేయించి ధ్రువపత్రము వచ్చువరకు ఇద్దరు పిల్లలు మూడుమార్లు వెంట తిరిగిరి. ఇప్పుడామె తన జడకు తానే రిబ్బను కట్టుకొనును. తాత చేతి ముద్ద మానలేదు గాని, అది ముద్దుకొరకేనని ఆయనయే యొప్పుకొనెను.

చట్టము సంగతి రెండు మాటలలో చెప్పెదను. 1995 నాటి శాసనమున ఏడు విధముల వైకల్యములే యుండెను. 2016 శాసనము 21 విధములను గుర్తించినది. 40 శాతమునకు తగ్గని వైకల్యము గల బిడ్డకు ఆరవ యేటినుండి పదునెనిమిదవ యేటివరకు ఉచిత విద్య హక్కు. ప్రభుత్వ సాయముపొందు ఉన్నత విద్యాలయములలో నూటికి 5 స్థానములకు తగ్గకుండ వారికి ప్రత్యేకింపవలెను. 2011 జనాభా లెక్కలలో మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలని తేలినది. కంచము ఆరబెట్టియు లెక్కకు చెప్పనివారు అందులేరని మరువకుడు.

చూపులేని బిడ్డ యేమి కాగలడని మీలో ఎవరైన అడిగినయెడల, మచిలీపట్టణపు చెంతనున్న సీతారామపురమున 1991లో పుట్టిన బొల్లా శ్రీకాంత్ మాట చెప్పుడు. పసికందును వదలివేయుడని ఊరివారు కొందరు తల్లిదండ్రులకు సలహా యిచ్చిరని ఆయనయే చెప్పియున్నాడు. ఇంటరులో సైన్సు చదువుటకు న్యాయస్థానమునకు పోవలసివచ్చినది. తరువాత అమెరికా వెళ్లి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చదివి, తిరిగివచ్చి పరిశ్రమ పెట్టెను. కాని అందరును శ్రీకాంతులు కానక్కరలేదు. మా విద్యార్థి కోరినది బి.ఏ. పట్టామాత్రమే. విజయనగరమున 1919లో గజపతి ప్రభువులు స్థాపించిన సంగీత కళాశాల, తమ కొలువునందలి యొక యుద్యోగి అంధపుత్రునికి విద్య నేర్పుటకై మొలకెత్తిన తలపేనని పెద్దలు చెప్పుదురు. ఒక్క బిడ్డకై తెరచిన తలుపులో ఎందరు ప్రవేశించిరో మీరెరుగుదురు.

మా విద్యార్థి ఆ చరిత్ర పరీక్ష మరల వ్రాసి గట్టెక్కెను. నాడు వ్రాసినది, అతని తప్పు దిద్ది చీవాట్లు తిన్న ఆ పిల్లయే. రెండవ వ్రాయసకాడు కూడ ఎండలో ద్వారముకడ నిలిచియుండెను. ఎవ్వరును వానిని లోనికి పిలువలేదు. నాలుగు గంటలును అక్కడనే యుండెను.

పదవ తరగతి పరీక్షలు వచ్చుచున్నవి. మీ గ్రామమున చూపులేని బిడ్డగాని, చేయి స్వాధీనములేని బిడ్డగాని పరీక్షకు కూర్చుండునట్లైన, ప్రధానోపాధ్యాయుని ఇప్పుడే కలిసి వ్రాయసకాని అనుమతికి దరఖాస్తు పెట్టించుడు. పరీక్ష ముందురోజున ఇది జరుగు పని కాదు. క్రింది తరగతిలో మంచి చేతివ్రాతయు, ఓర్పును గల పిల్లలెవరో మీకు తెలియును. వారిలో ఒక్కరిని కాదు, ఇద్దరిని చూచియుంచుడు.

ఇక సెలవు.