రన్‌వే దాటిన విమానం



బస్సు బోల్తా పడిందని తెలియగానే "డ్రైవరు ఎవరు?" అని అడుగుతాం. విమాన ప్రమాదాన్ని దర్యాప్తు చేసేవారి ప్రశ్న వేరు. "ఎందుకు జరిగింది? మళ్ళీ జరగకుండా ఏం చెయ్యాలి?" అని వారు అడుగుతారు. శిక్ష వెయ్యడం వారి పని కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం కూడా ఇదే.

మన కర్ణాటకలోని మంగళూరు సంగతి చూడండి. 2010 మే 22 ఉదయం ఆరు గంటల వేళ, దుబాయి నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే చివర దాటి లోయలో పడి కాలిపోయింది. 166 మందిలో 158 మంది మరణించారు. అక్కడి రన్‌వే గుట్టను చదును చేసి కట్టినది. దాని అంచు దాటితే లోయే.

విశ్రాంత ఎయిర్ మార్షల్ గోఖలే ఆధ్వర్యంలో విచారణ జరిగింది. ముఖ్యమైన ఆధారాలు బ్లాక్‌బాక్సులు. పేరుకు బ్లాక్ అయినా వాటి రంగు నారింజ. ఒకదానిలో వేగం, ఎత్తు వంటి వివరాలు, మరొకదానిలో పైలట్ల మాటలు, చప్పుళ్ళు నమోదవుతాయి.

వాటిని విప్పి చూస్తే విషయం తేటపడింది. కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడు. టేపులో గురక వినిపించింది. విమానం ఉండవలసినదానికన్నా ఎక్కువ ఎత్తున వచ్చి, 8,033 అడుగుల రన్‌వేలో సుమారు 5,200 అడుగులు దాటాక నేల తాకింది. కో-పైలట్ మూడుసార్లు "గో అరౌండ్" అన్నాడు. అంటే దిగడం మాని, మళ్ళీ పైకి లేచి, చుట్టు తిరిగి రమ్మని. హెచ్చరిక యంత్రమూ అరిచింది. కెప్టెన్ వినలేదు. నేల తాకాక గట్టిగా బ్రేకు వేసినా రన్‌వే మీదే ఆగేదని లెక్కలు తేల్చాయి. కాని ఆపడం మొదలుపెట్టిన తరువాత కెప్టెన్ మళ్ళీ పైకి లేపబోయాడు.

పదేళ్ళు గడిచాయి. 2020 ఆగస్టు 7న, వానలో, కేరళలోని కోళికోడ్‌లో అదే సంస్థ విమానం రన్‌వే దాటి పడింది. 21 మంది చనిపోయారు. అక్కడా గుట్టమీది రన్‌వేయే. అక్కడా విమానం దాదాపు సగం రన్‌వే దాటాక నేల తాకింది. అక్కడా రెండవ పైలట్ "గో అరౌండ్" అన్నా విమానం దిగిపోయిందని దర్యాప్తు నివేదిక చెప్పింది.

రెండు నివేదికలనూ పక్కపక్కన పెట్టి చూడండి. హెచ్చరిక లేక జరిగినవి కావు ఇవి. హెచ్చరించిన గొంతు చిన్నవాడిది, చెవి పెద్దవాడిది. పెద్దల మాటకు ఎదురు చెప్పరాదని మన పిల్లలకు నేర్పుతాం. మంచిదే. ప్రమాదం కనబడితే చెప్పడం ఎదురు చెప్పడం కాదని కూడా నేర్పాలి. చెప్పినవాడు చిన్నవాడైనా వినడం పెద్దరికమని పెద్దలూ తెలుసుకోవాలి.

గల్ఫ్ నుంచి వచ్చే మీవాళ్ళెవరైనా "దిగబోయిన విమానం మళ్ళీ పైకి లేచింది, ఎంత భయపడ్డామో" అని చెబితే, ఆ పైలట్‌ను తప్పు పట్టకండి. అరగంట ఆలస్యమైనా, మనిషి ఇల్లు చేరాడు.