ప్రాతపటములు - మునిఁగిన మన పల్లెలు



ఇచటఁ గూడినవారిలోఁ బెక్కుండ్ర ఇండ్లు శ్రీశైలజలాశయమున మునిఁగినవి. 1981 ప్రాంతమున మేమును ఇరువదియేండ్ల వయసున ఊరు విడిచితిమి. "తాతా, మన ఊరెచ్చట?" అని మనుమలడిగిన, నీటివంకఁ జేయి చూపుటయే మాకుఁ దెలిసిన ప్రత్యుత్తరముగా నుండెను. అంతకంటె మంచి యుత్తరమును ప్రాతపటమొకటి మాకొసఁగినది.

సర్వే ఆఫ్ ఇండియావారు పూర్వము మైలునకొక అంగుళముచొప్పున వేసిన రంగుపటములందు నీలము జలమును, గోధుమవన్నె రేఖలు ఎత్తుపల్లములను, ఎఱుపు ఇండ్లను, పసుపు సాగునేలను, ఆకుపచ్చ అడవిని దెలుపును. భూతద్దముతోఁ జూడఁగా మా ఊరు, రేవునకుఁ బోవు బండిబాట, పడమటి కుంట అన్నియుఁ గానవచ్చినవి. తూర్పున ఇండ్లులేని యొక చోటఁ బేరుమాత్రము వ్రాసియున్నది. పెద్దలు దానిని పాటిదిబ్బ యనువారు. లెక్కలలో నట్టి యూరు బేచిరాకు. చిరాగనఁగాఁ బారసీకమున దీపము. దీపము పెట్టువారు లేని యూరని యర్థము. మనకుముందే యచట నొక యూరు పాడైనదని మాకప్పుడు తెలిసెను.

1815లో భారతదేశపు తొలి సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీ పటములతోఁ దనివినొందలేదు. కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య మొదలగు సోదరుల సాయమున గ్రామకైఫీయత్తులను సేకరించెను. పటము చోటును జెప్పును. వృత్తాంతమును మనుష్యుఁడే చెప్పవలెను.

రెండు హెచ్చరికలు. ఆంగ్లలిపిలోఁ బేర్లు వికృతములగును. మచిలీపట్టణము మసూలిపటమైనది కదా! కావున నూరివారి నోటఁ బేరు విని సరిచూడవలెను. మఱియు, పొలముహద్దుల తగవులకీ పటము ప్రమాణము కాదు, గ్రామసర్వేపటమునే చూడవలెను.

వేసవిని నీరు తీసినప్పుడు సంగమేశ్వరాలయము బయలుపడునట్లే మన వీధుల పునాదిరాళ్లును అక్కడక్కడఁ బొడసూపును. మొన్నటి వేసవిని మేము పటము చేఁబూని పోయి పడమటి కుంటకట్టను గుర్తించితిమి. వెంటవచ్చిన మనుమఁడు దానిపై నిలిచి, "ఇది మనదేనా?" యని యడిగెను. మాకు మాట పెగలలేదు.

పోషకులారా! మన ప్రాంతపు ప్రాతపటములను సంపాదించి సంఘగ్రంథాలయమున నుంచుఁడు. యువకులారా! ఎనుబదియేండ్లు దాఁటినవారియొద్దఁ గూర్చుండి, ఏ యిల్లెచటనో, ఏ బావి యెవ్వరు త్రవ్వించిరో వ్రాసికొనుఁడు. పటము మఱి కొన్నాళ్లు నిలుచును; చెప్పువారు నిలువరు. సంస్కృతమున గ్రామశబ్దమునకు సమూహమనియు నర్థము గలదు. నేల మునిఁగినను సమూహము మునుఁగలేదు. ఆ జ్ఞాపకమును మునుఁగనీయకుఁడని వేఁడి విరమించుచున్నాము.