ఢిల్లీ ఓటు కొసరు ఓటు కాదు

(2024 ఎన్నికల ముందు సింహాద్రిపురం మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2024 మే 13, సోమవారం పోలింగ్. ఆ రోజు మన చేతిలో రెండు ఓట్లుంటాయి. ఒకటి అసెంబ్లీకి, ఇంకొకటి పార్లమెంటుకు. అసెంబ్లీ ఓటు గురించి రచ్చబండ మీద రాత్రీపగలూ మాట్లాడుకుంటున్నాం. పార్లమెంటు ఓటు దగ్గరికి వచ్చేసరికి, "అదీ అటే గుద్దేస్తాంలే" అంటున్నాం. సరుకు కొన్నాక వేసే కొసరు మాదిరి చూస్తున్నాం. ఈ రోజు ఆ రెండో ఓటు గురించే నాలుగు మాటలు.

మన నల్లరేగడిలో శనగ వేస్తాం. 2024-25 సీజనుకు క్వింటా మద్దతు ధర 5,440 రూపాయలుగా పెట్టారు. 2023-24 ఖరీఫ్ వేరుశనగకు 6,377. ఈ రెండూ నిర్ణయించింది ఢిల్లీలో కేంద్ర మంత్రివర్గమే. మన చీనీకి, అరటికి ఆ జాబితాలో చోటే లేదు. చేర్చాలన్నా ఢిల్లీయే చేర్చాలి. 2023 డిసెంబరులో పసుపు బఠానీ దిగుమతి మీద సుంకం ఎత్తేశారు. శనగపిండికి బదులు బఠానీ పిండి వాడతారు. బఠానీ ఓడల్లో వచ్చి దిగితే మన శనగకు గిరాకీ తగ్గుతుంది. అదే నెలలో ఉల్లి ఎగుమతి ఆపేశారు. ఇవేవీ పులివెందులలోనో విజయవాడలోనో తీసుకున్న నిర్ణయాలు కావు.

ఢిల్లీ మన మాట వినదు అనుకోవద్దు. 2020లో పార్లమెంటు మూడు వ్యవసాయ చట్టాలు చేసింది. రైతులు ఏడాది పాటు ఢిల్లీ పొలిమేరల్లో ఎండకూ చలికీ కూర్చున్నారు. 2021 నవంబరులో అదే పార్లమెంటు వాటిని రద్దు చేసింది. చట్టం చేసేదీ తీసేసేదీ పార్లమెంటే, అందులో లోక్‌సభలో కూర్చునేది 543 మంది. వాళ్లలో మన కడప నుంచి పోయేది ఎవరో తేల్చేది మనం.

"మా ఒక్క ఓటుతో ఏమవుతుంది?" అనేవాళ్లున్నారు. 1989లో అనకాపల్లి పార్లమెంటు సీటు 9 ఓట్ల తేడాతో తేలింది. రెండిళ్లవాళ్లు కలిస్తే 9 ఓట్లు! 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటుతో పడిపోయింది. ఈసారి మన కడప సీటుకూ పోటీ గట్టిగానే ఉంది. "ఇక్కడ ఎవరు గెలిచేదీ ముందే తెలుసు" అని ఇంట్లో కూర్చోవద్దు. గెలిచినవాళ్లూ ఓడినవాళ్లూ బూతులవారీగా లెక్క చూసుకుంటారు. ఓటెయ్యని ఊరి మాటకు బరువుండదు.

ఎవరికి వేయాలో సంఘం చెప్పదు. ఓటడగ వచ్చిన ప్రతి పార్టీనీ మూడు మాటలు అడగమంటుంది. మద్దతు ధరకు చట్టం కోసం పార్లమెంటులో నిలబడతారా? చీనీ ధర పడిపోయిన ఏడు ఏం చేయిస్తారు? పంట మార్కెట్టుకు వచ్చే నెలల్లో దిగుమతులు ఆపిస్తారా? జవాబు వినండి. ఎవరి ఓటు వాళ్లే నిర్ణయించుకోండి. ఇంట్లో ఆడవాళ్ల ఓటు కూడా వాళ్లదే.

జాబితాలో పేరుందో లేదో ఇప్పుడే చూసుకోండి. 1950కి ఫోన్ చేసినా చెబుతారు. పేరుండి ఓటరు కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్కు, వీటిలో ఏదైనా చెల్లుతుంది. బెంగళూరులో ఉన్న పిల్లలకు ఫోన్ చేసి రమ్మనండి. పోలింగ్ ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు. 6 గంటలకు క్యూలో ఉన్నవాళ్లందరికీ ఓటుంటుంది. యంత్రాలు రెండు. తెల్ల కాగితం ఉన్నది పార్లమెంటుకు, గులాబీ కాగితం ఉన్నది అసెంబ్లీకి. మీట నొక్కాక పక్క పెట్టెలో మీరు వేసిన గుర్తు 7 సెకన్లు కనబడుతుంది. చూసుకున్నాకే కదలండి. ఎవరికి వేశారో డబ్బిచ్చినవాడికీ తెలియదు, బెదిరించినవాడికీ తెలియదు.

విత్తనం కొనేముందు గుప్పెడు తీసి మొలక కట్టి చూసే మనం, ఐదేళ్ల పాటు మన ధరల మీద చెయ్యెత్తే మనిషిని చూడకుండా పంపుతామా? 13న ఎండ ముదరకముందే పోయి రెండు ఓట్లూ వేసి రండి. తోటకు నీళ్లు ఆ తర్వాత కట్టుకోవచ్చు.