కరోల్ బాగ్ పక్కన ఒక హెక్టారు సేద్యం

ఢిల్లీ కరోల్ బాగ్ అనగానే చీరల దుకాణాలూ, బేరాలూ గుర్తొస్తాయి. ఆ సందడి దాటి కాస్త పడమటికి వెళితే పచ్చని పొలాలు! అది భారత వ్యవసాయ పరిశోధన సంస్థ. 1934 భూకంపంలో బీహారులోని పూసాలో భవనాలు దెబ్బతింటే, 1936లో సంస్థను ఇక్కడికి తరలించారు. పూసా పేరు మాత్రం వెంటే వచ్చింది.

చిన్న రైతు కుటుంబం కోసం ఈ సంస్థ ఒక హెక్టారులో సమగ్ర సేద్యం నమూనా నడిపింది. పైరుతో పాటు పాడి, చేపల చెరువు, బాతులు, పండ్ల చెట్లు, గోబర్ గ్యాస్. పేడ గ్యాసవుతుంది, మిగిలిన మడ్డి పొలానికి ఎరువవుతుంది. బాతుల రెట్ట చెరువుకు బలం. ఏ కాలంలోనూ ఇంటిల్లిపాదికీ పని తప్పదు, రాబడీ ఒక్క పంట మీదే ఆధారపడదు.

ఇక సేద్యంలో అసలు హడావిడి వరి కోతకూ గోధుమ విత్తడానికీ మధ్యనే. జూన్‌లో నారు పోస్తారు, జూలైలో నాట్లు. పూసా బాస్మతి 1121 అనే వరి రకం కోతకు రావడానికి సుమారు 140 రోజులు పడుతుంది. అంటే గోధుమ విత్తే నవంబరు నెత్తిమీదికి వచ్చేసినట్టే. 2013లో వచ్చిన 1509 రకానికి 120 రోజులు చాలు. ఆ మిగిలిన మూడు వారాల్లో దుక్కి తీరిగ్గా సాగుతుంది. కొయ్యకాలుకు నిప్పు పెట్టే తొందర తగ్గుతుంది. కొత్త యంత్రం కన్నా ఈ వెసులుబాటే చిన్న రైతుకు పెద్ద మేలు.

ఏటా ఫిబ్రవరి, మార్చి ప్రాంతంలో పూసాలో కృషి విజ్ఞాన మేళా జరుగుతుంది. ఢిల్లీలో ఉన్న తెలుగువారు పిల్లలతో వెళ్లి చూడండి.