ఫోను పలుకని వర్తకునికి కబురు
(చోడవరము మహాసభయందు చేసిన యుపన్యాసము)



వర్తకమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. పెద్ద విషయములు చెప్పగల పెద్దలు వేదికపై నున్నారు గావున మేము చిన్న విషయ మొకటి యెత్తుకొంటిమి. సరకు అమ్మగోరి ఫోను చేసినపుడు అవతలివారు పలుకకున్నచో, వారికై మన గొంతుతో నుంచు కబురు ఎట్లుండవలెనన్నదే యది.

ఈ కోరిక క్రొత్తది కాదు. డెన్మార్కు దేశీయుడగు పౌల్సెన్ 1898లోనే ఉక్కుతీగపై గొంతును నిలుపు యంత్రమును కనిపెట్టెను. ఫోనులో వచ్చిన మాటను పట్టియుంచుట ఆయన యుద్దేశము. అమెరికాలోని మన పిల్లలు వాయిస్ మెయిల్ అను పెట్టెలో నేటికిని కబురు లుంచుచున్నారు. మన దేశమున నా పెట్టె అంతగా నాటుకొనలేదు. 2013లో వాట్సాప్‌నందు గొంతు కబురులు వచ్చిన పిదపనే, అక్షరములు కొట్టుటకు బద్ధకించు మనబోటి వర్తకులకు దారి దొరకినది.

మన పెద్దలు టెలిగ్రాము ఇచ్చునపుడు మాటకింతయని డబ్బు గావున ప్రతి మాటను తూచెడివారు. ఆ టెలిగ్రాము 2013 జూలైలో మూతబడెను. గొంతు కబురునకు మాటల లెక్క లేదు. అందువలననే మన నోటి కాపు లేదు.

మా సంగతియే చెప్పెదము. అనకాపల్లి బెల్లము ఒడిశాకును బంగాళమునకును పోవునని మీ రెరుగుదురు. కొన్ని యేండ్ల క్రిందట, పెద్దపండుగ వెళ్లిన పిమ్మట, బరంపురములోని యొక కొనుగోలుదారునకు ఫోను చేసితిమి. ఆయన పలుకలేదు. రెండు నిమిషముల కబురు పంపితిమి. వారి తండ్రిగారి క్షేమ మడిగితిమి. మంచు సంగతి, చెరకు సంగతి చెప్పితిమి. తుదకు, బేరమున కడపట దిగవలసిన ధరను ముందే చెప్పివేసితిమి. ఆయన దానిని దుకాణములో నలుగురు దలాలులు కూర్చుండగా స్పీకరుపై వినెను. సాయంకాలమునకు మా కడపటి ధర యందరికిని మొదటి ధర యయ్యెను. ఆ వారము మూడు లారీల సరకు ఆ ధరకే పోయినది. ఆయన తప్పేమున్నది? ఊరందరు వినుచోట ధర చెప్పినవారము మేమే.

నాటినుండి గొంతు కబురులో ధర చెప్పుట మానితిమి. ధర ముఖాముఖి మాట, కాకున్న ఫోనులో ఇద్దరి నడుమ మాట. కబురు పని బేరము కాదు. అవతలివారు తిరిగి ఫోను చేయునట్లు చేయుటయే. మేమిప్పుడు పంపు కబురు ఇంతే: “నమస్కారమండీ. చోడవరం నుంచి బెల్లం వర్తకుణ్ణి, ఫలానావాణ్ణి. మొదటి రకం రెండువందల దిమ్మలున్నాయి. గురువారం దాకా మీకోసం ఆపుతాను. రేపు పదింటికి మళ్లీ ఫోను చేస్తాను.” ఈ సభలోని గ్రాంథికము అందులో పెట్టకుడు, వినువారు పురాణమనుకొని ఫోను ప్రక్కన పెట్టుదురు!

పేరు, ఊరు మొదటనే రావలెను. తెలియని గొంతును ఎవరును చాలసేపు వినరు. పిమ్మట ఫోను నంబరును నింపాదిగా, రెండుసార్లు చెప్పవలెను. తెరపై కనబడునుగదా యందురేమో. కాని యజమాని విని, గుమాస్తాను వేరొక ఫోనుతో పిలువుమనును. అదియుగాక, 2021నుండి వాట్సాప్‌లో రెండింతల వేగముతో వినుట సాధ్యమైనది. మనము గబగబ చెప్పిన యంకెలు ఆ వేగములో కలిసిపోవును.

పదింటికి చేసెదనన్నచో పదింటికే చేయవలెను. తొమ్మిదిన్నరకు చేసిన ఆత్రము, పండ్రెండింటికి చేసిన అశ్రద్ధ. రెండుమారులు చేసియు జవాబు రానిచో ఆ నెల ఊరకుండుట మేలు. రోజు విడిచి రోజు ప్రాధేయపడు కబురులు పంపిన, సరకు అమ్ముడుపోక మురుగుచున్నదని యనుకొందురు. ఇక, ఒకే మాటను ముందే పట్టించి వందలమందికి ఫోనులో వినిపించు పద్ధతి కొందరు యువకులు మాకు సూచించిరి. ట్రాయ్ 2018లో చేసిన నిబంధనలు చూచుకొనక ఆ జోలికి పోకుడు. విసిగినవారు 1909కు ఫిర్యాదు చేయుదురు.

మధ్యాహ్న భోజనానంతరము పందిరి దక్షిణపు మూలను మేము కూర్చుందుము. యువకులు తమ ఫోనులతో రావలెను. తలకొక యరనిమిషపు కబురు పట్టి, తామే వినవలెను. తమ గొంతు తాము వినుటకు సిగ్గుపడువారు మొదట రండు.