లెక్కలోకి రాని ఆయాసం

 

మన ఇళ్లలో దమా అంటాం. పక్కింటివారు ఉబ్బసం అంటారు. యాభై దాటిన మనిషి బిందెడు నీళ్లు మోయలేకపోతే వయసు మీదపడిందంటాం. ఈ మూడు మాటల చాటున దాగిన వ్యాధిని వైద్యులు సీఓపీడీ అంటారు. ఉబ్బసం వచ్చి తగ్గుతుంటుంది. ఇది శ్వాసనాళాలను ఏళ్ల తరబడి ఇరుకు చేస్తూపోతుంది. పోయిన ఊపిరి తిరిగి రాదు, మిగిలినది కాపాడుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో దీనివల్ల మరణించినవారు 35 లక్షల మంది.

బీడీ తాగేవారి జబ్బని పేరు. బీడీ ముట్టని మన తల్లులకు ఎందుకు వస్తున్నది? సరుగుడు పుల్లలు, తాటాకులు ముప్పై ఏళ్లు మండించిన పొగ వల్ల. పరదా కోసమని వంటింటి కిటికీ మూసిన ఇళ్లు నేను చాలా చూశాను. గోడ పైభాగాన పొగగొట్టం పెడితే పరదాకు వచ్చే లోటేమిటి? 2016 నాటి ఉజ్వల పథకం సిలిండరు ఇచ్చినా, నీళ్లు కాచేది నేటికీ కట్టెల మీదనే.

ఇక బయటి గాలి. కృష్ణపట్నం రేవులో బొగ్గు దిగుతుంది, నేలటూరులో మండుతుంది. బూడిద మొత్తాన్నీ వినియోగంలోకి తేవాలని కేంద్రం 2021 డిసెంబరు 31న ప్రకటన ఇచ్చింది. అమలు ఎంతవరకు వచ్చిందని అడిగే హక్కు మనకుంది. 2006 ప్రకటన ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి. ఆ సభలకు మన స్త్రీలు వెళ్లరు, వెళ్లనివ్వము. దగ్గేది మాత్రం వారే.

ఆసుపత్రిలో కళ్లె పరీక్షచేసి క్షయ లేదంటే సంతోషించి వచ్చేస్తాం. అక్కడే ఆగి, స్పైరోమెట్రీ పరీక్షకు ఎక్కడికి పంపుతారని అడగండి. గొట్టంలోకి గట్టిగా ఊదడమే ఆ పరీక్ష. పీల్చే మందు అలవాటై వదలదన్న భయం వద్దు. అది నేరుగా ఊపిరితిత్తులకే చేరుతుంది గనుక స్వల్ప మోతాదు చాలు.

మరొక అన్యాయం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాలలో ఈ జబ్బుకు చోటు లేదు. పది అడుగులు నడవలేని కూలీకి కూడా ఆ పేరున ధ్రువపత్రం రాదు. చట్టం మారాలని అడగాలంటే ముందు మన చేతిలో లెక్క ఉండాలి.

నేను దస్త్రాల మధ్య బతికినవాణ్ణి. నోటితో మొరపెట్టుకున్నది ఏ దస్త్రంలోకీ ఎక్కదు. అర్జీ రాయండి, రసీదు తీసుకోండి. జవాబు రాకుంటే 2005 సమాచార హక్కు చట్టం ఉంది, గడువు 30 రోజులు. వచ్చే జుమాలోగా ఆయాసపడేవారి పేరు, వయసు, పొయ్యి రకం, చేసిన పని రాసి మసీదు కమిటీకి ఇవ్వండి. ఇతర మతాల ఇరుగుపొరుగువారి పేర్లూ చేర్చండి. అర్జీలు నేను రాసిపెడతాను.